ఫ్యాన్ స్విచ్ వేస్తే మానిటర్ ఎందుకు నల్లబడుతుంది?

క్లుప్తంగా: ల్యాప్‌టాప్‌కు తగిలించిన మానిటర్‌లో చుక్కలు, గీతలు కనిపించినా, తెర ఉన్నట్టుండి ఆరిపోయి వెలిగినా అనుమానం ముందు మానిటర్ మీదికే పోతుంది. తప్పు తరచూ కేబుల్‌దో, సాకెట్‌లోని ఎర్త్‌దో అయి ఉంటుంది. దాన్ని ఇంట్లోనే, పైసా ఖర్చు లేకుండా చాలావరకు తేల్చుకోవచ్చు.

మధ్యాహ్నం ఆన్‌లైన్ మీటింగ్ నడుస్తుంటుంది. ఉక్కపోత భరించలేక ఎవరో లేచి ఫ్యాన్ స్విచ్ వేస్తారు. టక్కుమన్న ఆ క్షణంలోనే బల్ల మీది పెద్ద తెర నల్లబడుతుంది. రెండు మూడు సెకన్లకు ఏమీ జరగనట్టే బొమ్మ తిరిగొస్తుంది. పక్కనున్న ల్యాప్‌టాప్ సొంత తెర మాత్రం చెక్కు చెదరదు.

2020 మార్చి లాక్‌డౌన్‌తో హైదరాబాద్‌లో ఐటీ పని ఇళ్లలోకి వచ్చింది. ఆఫీసులు మళ్లీ తెరుచుకున్నా వారంలో కొన్ని రోజులు ఇంటి నుంచే పనిచేసే పద్ధతి చాలాచోట్ల నిలిచిపోయింది. కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్లలోనూ మాదాపూర్ హాస్టల్ గదుల్లోనూ రెండో తెర మామూలు సామానైంది. ఆఫీసులో ఏ ఇబ్బందీ పెట్టని ల్యాప్‌టాప్ ఇంటికి రాగానే పేచీ మొదలుపెడుతుంది. ఒకరింట్లో ఫ్యాన్‌తో, ఇంకొకరింట్లో ఫ్రిజ్‌తో, మరొకరింట్లో మిక్సీతో. మానిటర్ పాడైందనుకొని సర్వీస్ సెంటర్‌కు మోసుకెళ్తే అక్కడ రోజంతా నిక్షేపంగా పనిచేస్తుంది. ఇంటికి తెచ్చి తగిలిస్తే మళ్లీ అదే వరస. అంటే ఇంట్లో ఉండి సర్వీస్ సెంటర్‌లో లేనిదేదో ఉంది. వెతకాల్సింది దాన్నే.

పిక్చర్ ట్యూబు కాలపు భయాలు

'స్పీకర్లు దూరం జరపండి, స్టెబిలైజర్ పక్కన పెట్టకండి' అనే సలహా ఇప్పటికీ వినిపిస్తుంది. పిక్చర్ ట్యూబు ఉన్న రోజుల్లో అది సరైన సలహానే. ట్యూబులో ఎలక్ట్రాన్ల ధార తెర మీద బొమ్మ గీసేది. దగ్గరలో అయస్కాంతం ఏదున్నా ఆ ధార పక్కకు వంగేది. స్పీకర్ దగ్గర రంగులు మారడం, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర బొమ్మ వణకడం అందుకే. ఎల్‌సీడీ తెరలో అలాంటి ధారే లేదు. స్పీకర్‌ను గది అవతలికి జరిపినా ఒరిగేదేమీ లేదు.

కేబుల్ విషయంలో పాత భయానికి కొంత ఆధారం ఉంది. 1987లో ఐబీఎం తన పీఎస్/2 కంప్యూటర్లతో తెచ్చిన వీజీఏ అనలాగ్ పద్ధతి. ఏ రంగు ఎంత ముదురో, ఎంత లేతో అన్నది 0 నుంచి 0.7 వోల్టు మధ్య హెచ్చుతగ్గులుగా తీగలో వెళ్తుంది. ఆ వోల్టేజీకి బయటి నుంచి ఏది తోడైనా అది కూడా బొమ్మలో భాగమైపోతుంది. అక్షరాల పక్కన నీడలు పడతాయి, లేత పట్టీలు తెర మీద పాకుతాయి. మన కరెంటు 50 హెర్ట్జ్, మానిటర్ బొమ్మ మార్చేది సెకనుకు 60 సార్లు. ఈ రెంటికీ పొంతన కుదరదు కాబట్టి ఆ పట్టీలు ఒకచోట నిలవవు. పాత ప్రొజెక్టర్లలో, పాత ఆఫీసు మానిటర్లలో వీజీఏ ఇంకా బతికే ఉంది. అక్కడ మందపాటి కేబుల్‌ను స్క్రూలు బిగించి వాడితేనే సగం సమస్య తీరుతుంది.

డిజిటల్‌లో బొమ్మ మసకబారదు, తెగిపోతుంది

ఇప్పుడు ల్యాప్‌టాప్‌నూ మానిటర్‌నూ కలిపే మామూలు డిజిటల్ పద్ధతి హెచ్‌డీఎంఐ. దాని తొలి ప్రమాణం 2002 డిసెంబర్‌లో వచ్చింది. ఇందులో తీగ మోసేది రంగుల హెచ్చుతగ్గులను కాదు, సున్నాలనూ ఒకట్లనూ. కొద్దిపాటి అలజడి కలిసినా అందుకునే వైపు సున్నాను సున్నాగానే చదువుతుంది కాబట్టి బొమ్మలో రవ్వంత తేడా కూడా రాదు. అలజడి ఒక హద్దు దాటిందంటే మాత్రం చదవడమే తప్పుతుంది. అందుకే ఈ పద్ధతిలో బొమ్మ కొంచెం కొంచెంగా చెడదు. బాగున్నంతసేపు పూర్తిగా బాగుంటుంది, ఆ తర్వాత మెట్టు మీంచి జారినట్టు ఒక్కసారిగా పోతుంది. హద్దు మీద ఊగిసలాడే కేబుల్ అయితే మెరిసే తెల్ల చుక్కలు, పొట్టి గీతలు కనిపిస్తాయి. హద్దు దాటితే తెర నల్లబడుతుంది.

ఆ హద్దు ఎంత సన్ననిదో అంకెల్లోనే తెలుస్తుంది. 1920×1080 బొమ్మను సెకనుకు 60 సార్లు పంపాలంటే, అంచుల్లో వదిలే ఖాళీ సమయంతో కలిపి, సెకనుకు 14 కోట్ల 85 లక్షల పిక్సెళ్లు వెళ్లాలి. రంగుల సమాచారం మోసే తీగల జతలు మూడు. ఒక్కో పిక్సెల్‌కు ప్రతి జతలోనూ 10 బిట్లు, అంటే పది సున్నాలో ఒకట్లో. అంటే ఒక్కో జతలో సెకనుకు 148.5 కోట్ల బిట్లు. అదే 60 హెర్ట్జ్‌లో 4కే (3840×2160) బొమ్మ కావాలంటే ఒక్కో జతలో 594 కోట్ల బిట్లు పరుగెత్తాలి. ఒక్కో బిట్‌కు దక్కే సమయం నానోసెకనులో దాదాపు ఆరో వంతు. పాత మానిటర్‌కు మూడేళ్లు నమ్మకంగా పనిచేసిన కేబుల్ కొత్త 4కే మానిటర్‌కు పెట్టగానే మొరాయించడం ఇందువల్లే. కేబుల్ కొత్తగా పాడవలేదు, దాని మీద పడే బరువు నాలుగింతలైంది.

దీన్నిబట్టే ఇంకో సంగతి కూడా తేలుతుంది. రంగులు వెలిసినట్టుండటం, నలుపు బూడిద రంగులో కనబడటం, ఎర్ర అక్షరాల అంచులు చెదిరినట్టుండటం కేబుల్‌లోని అలజడి వల్ల వచ్చేవి కావు. అవి సెట్టింగుల సంగతి. కంప్యూటర్ మానిటర్‌ను టీవీ అనుకొని పరిమిత శ్రేణిలో రంగులు పంపుతున్నా, దారి మోయగల బిట్ల వేగం (బ్యాండ్‌విడ్త్) చాలక రంగుల వివరం తగ్గించి పంపుతున్నా అలా కనిపిస్తుంది. 'ఈ కేబుల్ పెడితే రంగులు మెరుగవుతాయి' అని అమ్మేవారి మాటను నమ్మాల్సిన పని లేదు.

ఆ 'టక్కు'లో ఏం జరుగుతుంది

హెచ్‌డీఎంఐలో బొమ్మను మోసే ప్రతి సంకేతమూ రెండు తీగల్లో ఎదురుబొదురుగా వెళ్తుంది. ఒకదానిలో పెరిగితే ఇంకోదానిలో తగ్గుతుంది. అందుకునే చిప్పు రెంటి మధ్య తేడాను మాత్రమే చూస్తుంది. బయటి అలజడి రెండు తీగల్లోనూ సమానంగా పడితే తేడా మారదు కాబట్టి దాని లెక్కలోకే రాదు. ఇంత మంచి ఏర్పాటును ఒక ఫ్యాన్ స్విచ్ ఎలా ఓడిస్తుంది?

ఫ్యాన్ మోటారులో ఉన్నది తీగచుట్ట. చుట్టలో పారుతున్న కరెంటు ఒక్కసారిగా ఆగడానికి ఒప్పుకోదు. స్విచ్ తీస్తున్నప్పుడు లోపలి లోహపు మొనలు విడిపోతుంటే మధ్య గాలిలోంచి సన్నని మెరుపుగా దూకుతుంది. చీకట్లో పాత స్విచ్ నొక్కితే సందులోంచి కనిపించే నీలి వెలుగు అదే. స్విచ్ వేసేటప్పుడూ మొనలు ఒకదానికొకటి కొట్టుకొని, ఎగిరి, మళ్లీ ఆనుకుంటాయి. ఆ లిప్తకాలంలో నానోసెకన్లలో ఎగబాకే వోల్టేజీ ముళ్లు వరసగా పుట్టి గోడలోని వైరింగ్ వెంట పాకుతాయి, చుట్టూ రేడియో తరంగాలుగానూ చిమ్ముతాయి. మీటరున్నర హెచ్‌డీఎంఐ కేబుల్ వాటికి దొరికిన ఏరియల్.

ఇక్కడ కేబుల్ తయారీ గుణం బయటపడుతుంది. మంచి కేబుల్‌లో తీగల చుట్టూ రేకు, దాని మీద అల్లిన లోహపు జాలి ఉంటాయి. ఆ జాలి రెండు కొసల్లోనూ కనెక్టర్ లోహపు తొడుగుకు చుట్టూరా అంటుకొని ఉంటుంది. పడిన అలజడి పై తొడుగు మీదే పారి పోతుంది, లోపలి జతలను తాకదు. చవక కేబుల్‌లో జాలి ఉండదు. పలచటి రేకును ఒక సన్నని తీగతో పిన్నుకు కలిపి సరిపెడతారు. ఆ సన్నని తీగ దగ్గర అలజడికి దారి ఇరుకై, లోపలికి చొరబడుతుంది. చొరబడినది రెండు తీగల్లోనూ సమానంగా పడదు. అప్పుడు మానిటర్‌లోని చిప్పు బిట్ల లయ తప్పుతుంది. లయ తప్పగానే మానిటర్ 'సిగ్నల్ పోయింది' అని తీర్మానించుకొని మొదటి నుంచి వెతుకుతుంది, కంప్యూటర్‌తో కాపీ రక్షణ ఒప్పందం అవసరమైతే మళ్లీ కుదుర్చుకుంటుంది. అలజడి ఉన్నది లిప్తపాటే. కళ్ల ముందు కనిపించే రెండు మూడు సెకన్ల నలుపు మానిటర్ తేరుకోవడానికి పట్టిన సమయం.

కుర్చీలోంచి లేచినప్పుడు తెర నల్లబడుతోందని చెప్పేవారి మాటను కొట్టిపారేయకూడదు. గ్యాస్‌తో ఎత్తు మారే ఆఫీసు కుర్చీల్లోంచి లేచినప్పుడు, కూర్చున్నప్పుడు పుట్టే స్థిర విద్యుత్తు విడుదల వీడియో కేబుళ్లను తాకి బొమ్మ పోగొట్టగలదని యూఎస్‌బీ ద్వారా మానిటర్లు కలిపే సాంకేతికత తయారుచేసే డిస్‌ప్లేలింక్ సంస్థ తన సహాయ సమాచారంలోనే రాసింది. ఇక్కడా జరిగేది ఫ్యాన్ స్విచ్ దగ్గర జరిగిందే.

ఎర్త్ పిన్, దాని వెనక తీగ

ల్యాప్‌టాప్ ఛార్జింగ్‌లో ఉండగా దాని లోహపు ఒంటి మీద వేలు నెమ్మదిగా రాస్తే గరుగ్గా, జివ్వుమన్నట్టు అనిపించడం చాలామందికి అనుభవమే. టెస్టర్ ఆనిస్తే వెలుగుతుంది కూడా. అడాప్టర్ లోపల అలజడి అణచడానికి పెట్టిన చిన్న కెపాసిటర్లు ఫేజ్ నుంచీ న్యూట్రల్ నుంచీ కొద్దిపాటి కరెంటును ఎర్త్‌లోకి మళ్లిస్తాయి. ఎర్త్ లేకపోతే ఆ కరెంటుకు దారి లేదు. అప్పుడు ల్యాప్‌టాప్ ఒళ్లంతా 230 వోల్టులలో దాదాపు సగం దగ్గర తేలుతుంటుంది. పారే కరెంటు చాలా తక్కువ కాబట్టి మామూలుగా ప్రమాదం ఉండదు. కానీ హెచ్‌డీఎంఐ కేబుల్ తగిలించగానే ఆ కరెంటుకు కొత్త దారి దొరుకుతుంది. కేబుల్ పై తొడుగు మీదుగా మానిటర్‌లోకి, అక్కడి నుంచి దాని ఎర్త్‌లోకి. కేబుల్ గుచ్చేటప్పుడు కొసన చిటుక్కుమనే చిన్న మెరుపు దీనిదే. ఆ మెరుపుకే ఒక్కోసారి పోర్టులు కాలిపోవచ్చు. అందుకే రెంటినీ కరెంటు నుంచి తీసేశాకే కేబుల్ గుచ్చడం మేలు.

మానిటర్ ఒక గోడ సాకెట్‌లో, ల్యాప్‌టాప్ అవతలి గోడ సాకెట్‌లో ఉంటే ఇంకో చిక్కు వస్తుంది. రెండు ఎర్త్‌ల మధ్య ఉండే కొద్ది వోల్టేజీ తేడా కేబుల్ తొడుగులోంచి కరెంటును తోస్తుంది. మానిటర్‌కే సెట్‌టాప్ బాక్సు కూడా తగిలించి ఉంటే, ఎక్కడో వీధి స్తంభం నుంచి వచ్చిన కేబుల్ టీవీ తీగ మూడో ఎర్త్‌ను వెంట తెస్తుంది. రెంటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు మార్చడం, టీవీ తీగను ఊడదీసి చూడడం ఖర్చు లేని పరీక్షలు.

ఆ ఎక్స్‌టెన్షన్ బాక్సును కూడా నమ్మేముందు ఒకసారి విప్పి చూడాలి, గోడ నుంచి తీసేశాకే. చవక బాక్సుల్లో ప్రతి సాకెట్‌కూ మూడు రంధ్రాలు ఉంటాయి. అడుగు మూత తీస్తే ఫేజ్, న్యూట్రల్ పట్టీలకు తీగలు కలిపి ఉంటాయి, ఎర్త్ పట్టీ మాత్రం ఏ తీగా లేకుండా ఒంటరిగా మెరుస్తుంటుంది. బాక్సు నుంచి గోడకు వెళ్లే తీగలోనే రెండు పోగులు ఉన్నాయి, మూడోది లేదు. మూడు పిన్నుల ప్లగ్గు దానిలో పెట్టినా, రెండు పిన్నులదే పెట్టినా ఒకటే. ఇలాంటి సరుకు అమ్ముడుపోతుండటం మానిటర్ గొడవ కన్నా పెద్ద విషయం. గీజర్, ఇస్త్రీ పెట్టె కూడా అలాంటి బాక్సుల్లోనే పెట్టేవాళ్లున్నారు.

హైదరాబాద్ నేల సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. నగరం గ్రానైటు బండ మీద ఉంది. బండ నేల, అందులోనూ ఎండిన నేల, కరెంటును తేలిగ్గా పోనివ్వదు. ఎర్త్ గుంతలో బొగ్గు, ఉప్పు వేసి పైపు పాతడం, ఎండాకాలంలో నీళ్లు పోస్తుండటం ఆ తేమ నిలవడానికే. అపార్ట్‌మెంట్ కట్టినప్పుడు తవ్విన గుంత మీద తర్వాత టైల్స్ పరిచేస్తే నీళ్లు పోసే దారే ఉండదు. ఎర్తింగ్‌కు భారతీయ ప్రమాణం ఐఎస్ 3043 ఉంది. నిరోధం కొలిచి చూడమని అసోసియేషన్ ఎలక్ట్రీషియన్‌ను అడగొచ్చు, అడగాలి కూడా. అయితే గుంత బాగుచేస్తే తెర మీది చుక్కలు తప్పక పోతాయని చెప్పలేం. స్విచ్ పుట్టించే వేగమైన ముళ్లకు గుంత దాకా వెళ్లే ఓపిక ఉండదు, అవి దగ్గరి దారులే చూసుకుంటాయి. గుంత బాగుండాల్సింది ముందుగా ప్రాణాల కోసం.

ఇక్కడ రెండు ప్రమాదకరమైన అడ్డదారులు ఉన్నాయి. ఎర్త్ పిన్ విరిచేస్తే గీతలు పోవచ్చు. గీతలతో పాటు రక్షణ కూడా పోతుంది. సాకెట్ వెనక న్యూట్రల్‌నూ ఎర్త్‌నూ ముక్క తీగతో కలిపేయడం ఇంకా ఘోరం. ఏదో రోజు న్యూట్రల్ తెగితే ఇంట్లోని ప్రతి లోహపు వస్తువు మీదికీ ఫేజ్ వచ్చి కూర్చుంటుంది. ఎలక్ట్రీషియన్ మీటర్ పెట్టి చూసినప్పుడు, ఇంట్లో ఏసీ, గీజర్ నడుస్తున్నా న్యూట్రల్, ఎర్త్‌ల మధ్య కచ్చితంగా సున్నా చూపిస్తే సంతోషించకుండా సాకెట్ వెనక చూడమనాలి.

తప్పు ఎవరిదో విడదీయడం

కంప్యూటర్ నుంచి కంటి దాకా బొమ్మ ప్రయాణంలో నాలుగు మజిలీలు ఉన్నాయి. సాఫ్ట్‌వేర్, పోర్టు, కేబుల్, మానిటర్. ఒక్కో పరీక్షా ఈ దారిని ఒక్కోచోట కోస్తుంది.

మొదట మానిటర్ అంచునున్న బటన్ నొక్కి దాని సొంత మెనూ తెరవాలి. ఆ మెనూను గీసేది మానిటరే, అది కేబుల్‌లోంచి రాదు. వెనక బొమ్మ చెదురుతున్నా మెనూ నిలకడగా ఉంటే మానిటర్ తెర నిర్దోషి. మెనూ కూడా వణుకుతుంటే కేబుళ్లు మార్చడం వృథా. ఒక్క నిమిషం పట్టే ఈ పరీక్ష చేయకుండానే మానిటర్ మార్చినవాళ్లు తప్పకుండా ఉంటారు.

తర్వాత గీతలు కనిపిస్తున్నప్పుడు స్క్రీన్‌షాట్ తీసి, దాన్ని ఫోన్‌లో తెరిచి చూడాలి. అందులోనూ గీతలుంటే తప్పు బొమ్మ తయారైన చోటే ఉంది, డ్రైవర్‌లోనో యాప్‌లోనో. విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి ఉంచితే ఇంకొంచెం స్పష్టత వస్తుంది. తెరతోపాటు అదీ మినుకుమంటే డ్రైవర్, అదొక్కటీ నిలకడగా ఉంటే ఏదో ఒక యాప్.

ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడపడం మూడో కోత. గీతలు మాయమైతే దారి ఎర్త్ వైపు, అడాప్టర్ వైపు వెళ్తుంది. మాయం కాకపోతే సెట్టింగుల్లో 60 హెర్ట్జ్‌ను 30కి దించి చూడాలి. బిట్ల వేగం సగమయ్యాక చుక్కలు పోయాయంటే కేబుల్ బరువు మోయలేకపోతోందని అర్థం. అప్పుడు డబ్బు ఖర్చు పెట్టాల్సింది కేబుల్ మీదే.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో, కోఠి గుజరాతీ గల్లీలోనో కేబుల్ అడిగితే '2.1 కేబుల్' అని ఒకటి చేతిలో పెడతారు. కేబుళ్లకు అలా వెర్షన్ నంబర్లు అధికారికంగా లేవు, రకాలు ఉన్నాయి. మొత్తం మీద సెకనుకు 18 గిగాబిట్లకు (గిగాబిట్ అంటే వంద కోట్ల బిట్లు) 'ప్రీమియం హై స్పీడ్', 48 గిగాబిట్లకు 'అల్ట్రా హై స్పీడ్'. ఈ రెండు రకాల పెట్టెల మీదా ఫోన్‌తో స్కాన్ చేసి సరిచూసుకునే లేబుల్ ఉండాలి. బంగారు పూత తుప్పు పట్టకుండా చూస్తుంది, అంతకుమించి బొమ్మకు చేసేదేమీ లేదు. అవసరానికి మించిన పొడవు కొనకపోవడం పూత కన్నా ఎక్కువ మేలు చేస్తుంది. మానిటర్ వెనక చుట్టలు చుట్టి పెట్టిన ఐదు మీటర్ల కేబుల్ బిట్లనూ బలహీనపరుస్తుంది, అలజడినీ పోగు చేస్తుంది. కేబుల్ కొసన బిగించే ఫెరైట్ (ఇనుప ఆక్సైడుతో చేసే పదార్థం) క్లిప్పు తొడుగు మీద పారే అలజడిని అణచగలదు, చవక కూడా. ఫ్యాన్ స్విచ్ సమస్యకు అది ప్రయత్నించదగినదే. హెచ్‌డీఎంఐ లాంటిదే మరో పద్ధతి డిస్‌ప్లేపోర్ట్. ఆ కేబుళ్లలో కొన్ని చవక రకాలు 20వ పిన్‌ను రెండు వైపులా కలిపేసి మానిటర్ కరెంటును కంప్యూటర్‌లోకి పంపుతాయి. మానిటర్ తగిలించి ఉంటే కంప్యూటర్ ఆన్ కాకపోవడం దాని గుర్తు.

హబ్బులు, రెగ్యులేటర్లు, ఇన్వర్టర్లు

యూఎస్‌బీ-సీ హబ్ మధ్యలో ఉంటే దాన్ని తీసేసి నేరుగా కలిపి చూడనిదే ఏ నిర్ధారణకూ రాకూడదు. సంకేతాన్ని ఒక పద్ధతి నుంచి ఇంకో పద్ధతికి మార్చే చిప్పు అందులో ఉంటుంది, దానికి కరెంటు ల్యాప్‌టాపే ఇవ్వాలి. అదే హబ్‌కు హార్డ్ డిస్క్ తగిలిస్తే కరెంటు చాలక తెర ఆరిపోవచ్చు. ఇక చాలా హబ్బుల్లో 4కే బొమ్మ 30 హెర్ట్జ్‌కే పరిమితమవడం లోపం కాదు. యూఎస్‌బీ-సీలో వేగంగా సమాచారం మోసే నాలుగు దారుల్లో రెంటిని యూఎస్‌బీకి ఇచ్చేసి మిగతా రెండే బొమ్మకు వదులుతారు.

అలజడి రెండో వైపు, అంటే కేబుల్ నుంచి బయటికి కూడా ప్రయాణిస్తుంది. 2560×1440 బొమ్మను 60 హెర్ట్జ్‌లో పంపేటప్పుడు ఒక్కో జతలో వేగం సెకనుకు 241.5 కోట్ల బిట్లు. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మొదటి ఛానెల్ ఉన్నది సరిగ్గా ఆ దాపునే. 2019లో వచ్చిన రాస్ప్‌బెరీ పై 4 అనే అరచేతి కంప్యూటర్ బోర్డుల్లో ఈ రిజల్యూషన్ పెట్టగానే వైఫై తెగిపోతోందని వాడకందారులు గుర్తించారు. మానిటర్ తగిలించినప్పుడే నెట్ నెమ్మదిస్తుంటే 5 గిగాహెర్ట్జ్‌కు మారడం సులువైన మార్గం.

గుండ్రంగా తిప్పే పాత ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్ కరెంటు తరంగాన్ని సెకనుకు 100 సార్లు మధ్యలో కోస్తుంది. ఫ్యాన్ మధ్య వేగంలో ఉన్నప్పుడు చుక్కలు ఎక్కువై, ఆపేస్తే పోతుంటే దాన్ని తీసి కెపాసిటర్లతో పనిచేసే మెట్ల రెగ్యులేటర్ పెట్టించాలి. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే క్షణంలో మాత్రమే తెర ఆరితే అది అలజడి కాదు, సరఫరాలో వచ్చిన ఖాళీ. ఇన్వర్టర్ వెనక 'యూపీఎస్' మోడ్ మీట ఉంటే అటు మార్చడంతో సాధారణంగా సరిపోతుంది. ఇన్వర్టర్ మీద నడుస్తున్నంతసేపూ గీతలుంటే అది చదరపు తరంగపు ఇన్వర్టరేమో చూడాలి.

పై నుంచి కిందికి ఎప్పుడూ ఒకేచోట నిలిచి ఉండే రంగు గీత ఈ లెక్కలో రాదు. అది ప్యానెల్ అంచున అతికించిన సన్నని పట్టీ ఊడటం వల్ల వచ్చేది. ఏ కేబులూ దాన్ని బాగుచేయదు, ప్యానెల్ మార్చే ఖర్చుకు కొంచెం కలిపితే కొత్త మానిటరే వస్తుంది. కానీ మెనూతో సహా తెర మొత్తం మినుకుమంటూ, ఆన్ చేసిన పది నిమిషాలకు సర్దుకునే మానిటర్‌ను పారేయాల్సిన పని లేదు. దాని అడాప్టర్‌లోనో పవర్ బోర్డులోనో కెపాసిటర్లు ఉబ్బి ఉంటాయి. బయట అడాప్టర్ ఉన్న మానిటర్ అయితే అదే వోల్టేజీ, అంతే లేదా అంతకన్నా ఎక్కువ ఆంపియర్లు, అదే పిన్ను ఉన్న ఇంకో అడాప్టర్‌తో పది నిమిషాలు నడిపి చూస్తే సంగతి తేలిపోతుంది.